ఉయ్యాల కొక్కెం

బతు బస్తీలో జోగులు ఇల్లు రోడ్డు మీంచి చూస్తే ఒక అంతస్తు, వెనక పల్లంలోంచి చూస్తే రెండు. వాలు మీద కట్టిన ఇళ్ళన్నీ అంతే. కింద స్తంభాల మధ్య ఖాళీలో స్కూటరు, గ్యాసు బండలు, తండ్రి వదిలిపోయిన వల, పనుల్లో మిగిలిన ఇనప ముక్కలు ఉండేవి. చెల్లెలు పద్మిని పురిటికి వస్తోందని తెలిసినప్పుడు ఆ ఖాళీని గది చేస్తానన్నాడు జోగులు.

అతని పనే అది. పాత గోడౌన్లను షోరూములుగా, ఆఫీసు హాళ్ళను చిన్న గదులుగా, సొంత ఇళ్ళను టూరిస్టులు దిగే ఇళ్ళుగా మారుస్తాడు. ఇటుక ఉండదు, ఇసక ఉండదు. నేల మీద ఒక రేకు చానెల్, పైన శ్లాబుకి ఒక చానెల్, వాటి మధ్య రెండడుగులకొకటి చొప్పున రేకు స్టడ్లు నిలబెడతాడు. రెండు వైపులా జిప్సం బోర్డు బిగిస్తే గోడ. ఉన్నది దీవిలో కాబట్టి సరుకంతా ఓడ మీద రావాలి. ఓడ రాకపోతే పని లేదు. అందుకని చిన్న ముక్క కూడా పారెయ్యడు.

తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపలు పట్టాడు. తండ్రీ అదే పని చేశాడు. జోగులుకి మాత్రం పడవెక్కితే వాంతులు. ఆ సంగతి చెప్పుకుని వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. చదువు ఆగిపోయాక ఒక తమిళ మేస్త్రీ దగ్గర బోర్డులు మోసి, స్క్రూలు బిగించి, పని నేర్చుకున్నాడు. నలభై దాటేసరికి పార్టిషన్ జోగులు అంటే తెలియనివాళ్ళు లేరు. ఎక్కడికి వెళ్ళినా గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూడటం అతని అలవాటు. పెళ్ళి చూపులకు వెళ్ళిన ఇంట్లో కూడా కొట్టి చూశాడని భార్య సత్యవాణి ఇప్పటికీ దెప్పుతుంది.

తల్లి గవరమ్మకి కొడుకు పనంటే గర్వం. బజారులో ఎవరు కనిపించినా, "ఆ బట్టల షాపు నేదూ, లోపల మొత్తం మావోడే" అని చెబుతుంది.

గది పని మొదలైన రోజు సత్యవాణి గుమ్మంలో నిలబడి ఇనప ముక్కల కుప్పకేసి చూసింది.

"ఇవి అప్పుడు కూలగొట్టిన ఆఫీసువి కదా?"

"బాగానే ఉన్నాయి. కొంచెం తుప్పు, అంతే."

"ఊరందరికీ కొత్త సరుకు. మనకి మాత్రం పాత కబాడీ సామాను."

జోగులు నవ్వేసి ఊరుకున్నాడు. డైరీ ఫార్మ్ అనే పేటలో ఫోన్ల షాపు పని అప్పుడే చివరికొచ్చింది. ఆ షాపుకి తెచ్చిన కొత్త స్టడ్లు కొన్ని మిగిలేలా ఉన్నాయి. కానీ ఎంత మిగులుతుందో తేలేదాకా ఆగితే చెల్లెలు వచ్చేస్తుంది. పగలు షాపు పని, పొద్దు వాలాక ఇంటి పని. ఇంటికి మిగిలేది ముక్కలూ, ఓపిక అయిపోయిన ఒళ్ళూను.

గోడలు లేచాయి. కప్పు కింద పై బాత్రూము పైపులు వికారంగా వేలాడుతున్నాయి. అవి కనపడకుండా ఫాల్స్ సీలింగ్ వెయ్యాలి. ఆ సాయంత్రం గవరమ్మ మెట్లు దిగి వచ్చింది.

"ఒరే జోగులూ, ఉయ్యాలకి కొక్కెం ఏసేవా?"

"ఏస్తాన్లే."

"ఏస్తాన్లే కాదు. మనింట్లో మేనమామ కట్టిన ఉయ్యాల్లోనే బిడ్డని ఎయ్యాలి. మీ మావ నీకు దూలానికి కట్టేడు, పడవ తాడుతోటి. ఇక్కడ దూలం ఏది? అన్నీ అట్టలే."

"అట్టలు కావే అమ్మా, బోర్డులు. ఏనుగుని కట్టినా ఆగుతాది, నువ్వెళ్ళు."

ఆవిడ వెళ్ళిపోయింది. జోగులు పక్కన స్క్రూలు అందిస్తున్న వీరేంద్ర ముఖమెత్తి చూశాడు. వీరేంద్ర రాంచీ వైపు నుంచి కూలికొచ్చి స్థిరపడ్డవాళ్ళ మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. చాలా కాలంగా జోగులుతోనే ఉన్నాడు. తెలుగు మాత్రం గవరమ్మ చేపల పులుసు తిని నేర్చుకున్నానంటాడు.

"భయ్యా, కొక్కెం స్లాబ్ సే లేనా పడేగా," అన్నాడు.

అది జోగులుకి తెలియనిది కాదు. శ్లాబులో రంధ్రం చేసి, బోల్టు దించి, దానికి రాడ్డు వేలాడదీసి, ఆ రాడ్డు చివరన కొక్కెం రావాలి. సీలింగ్ బోర్డు దాని చుట్టూ రావాలి తప్ప దాన్ని మొయ్యకూడదు. సీలింగ్ చానెళ్ళు బోర్డు బరువుకే పనికొస్తాయి. కానీ శ్లాబుని తొలిచే డ్రిల్లు డైరీ ఫార్మ్ షాపులో ఉండిపోయింది. స్కూటరేసుకుని వెళ్ళి తెచ్చుకోవచ్చు. వాన పడుతోంది. ఆ పూట బోర్డు వేసి పుట్టీ పెట్టకపోతే చెల్లెలు వచ్చేలోగా రంగు ఆరదు.

"ఈ రోజుల్లో ఉయ్యాల ఎవరు కడతారురా? స్టాండుది కొంటారు. అమ్మ అడిగింది కాబట్టి ఓ కొక్కెం కనపడాలి. మహా అయితే ఒక పూట చీర కడతారు. చల్తా హై."

"బచ్చా కా మామ్లా హై, భయ్యా. పసిబిడ్డ సంగతి."

"ముందు ఆ ప్లై ముక్క ఇలా ఇయ్యి."

రెండు చానెళ్ళ మీద ప్లైవుడ్ ముక్క అడ్డంగా వేసి, దానికి కొక్కెం బిగించాడు. బోర్డు మూశాడు. పుట్టీ పెట్టాడు. పైన తెల్లరంగు పడేసరికి కొక్కెం శ్లాబులోంచి పుట్టుకొచ్చినట్టే కనపడింది. గవరమ్మ వచ్చి చూసి, "బంగారం లాగ ఉంది" అంది.

పద్మిని వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఆ గదిలోనే ఉన్నారు. గది బాగుందని పద్మిని రంగత్‌లో ఉన్న భర్త సాయికి ఫోనులో చూపించింది. "మన వరండా కూడా అన్నయ్య చేత ఇలాగే చేయిద్దాం" అంది. సాయి సరేనన్నాడు. ఉయ్యాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బిడ్డ తల్లి పక్కలోనే పడుకునేది. జోగులు కొక్కెం సంగతి మరిచిపోయాడు. మరిచిపోయానని అనుకున్నాడు. గదిలోకి వెళ్ళినప్పుడల్లా చూపు పైకి పోయేది.

బారసాల నాటికి సాయి, అతని తల్లి కనకలక్ష్మి రంగత్ నుంచి బస్సులో వచ్చారు. బస్సు టాపు మీద దుప్పట్లు చుట్టి తాళ్ళతో కట్టిన పెట్టెలాంటిదేదో ఉంది. జోగులు దింపడానికి చేతులు చాచాడు.

"జాగ్రత్త బాబూ, ఒక్కడివీ మొయ్యలేవు," అంది కనకలక్ష్మి. "పడౌక్ కర్ర. వీళ్ళ తాత చేయించింది. వీళ్ళ నాన్న పడుకున్నాడు, మా సాయి పడుకున్నాడు. ఇప్పుడు నా మనవరాలు."

అది ఉయ్యాల. ఎర్రని పడౌక్ చెక్క, నాలుగు మూలలా ఇత్తడి కడియాలు. జోగులూ సాయీ చెరోవైపు పట్టుకుని మెట్లు దింపారు. ఆ బరువు ముందు జోగులు మోచేతులకి తెలిసింది. తర్వాత కొక్కెం గుర్తొచ్చింది.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. అత్తా, ఇది కడితే ఆగదు, పై గదిలో పెడదాం అని ఒక్క మాట. డ్రిల్లు కూడా ఇంట్లోనే ఉంది. కానీ గది నిండా వీధిలోని ఆడవాళ్ళు. గవరమ్మ కనకలక్ష్మికి అప్పటికే గోడలు చూపిస్తోంది.

"అంతా మావోడే ఒదినా. కొట్టి చూడు, కొట్టి చూడు. ఆ కొక్కేనికి ఏనుగుని కట్టినా ఆగుతాదంట."

"ఏనుగెందుకు ఒదినా, నా మనవరాలికి ఆగితే చాలు," అంది కనకలక్ష్మి. ఆడవాళ్ళు నవ్వారు.

జోగులు స్టూలెక్కి తాళ్ళు కొక్కేనికి వేశాడు. ఉయ్యాల బరువు మెల్లగా వదిలాడు. పైన ఎక్కడో ప్లై మూలిగినట్టయింది. అది అతనికి మాత్రమే వినిపించింది, వీరేంద్రకి కూడానేమో. వీరేంద్ర గుమ్మం దగ్గర కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. కొక్కెం కేసి చూశాడు. జోగులు కేసి చూశాడు. తల తిప్పుకున్నాడు.

జోగులు వాళ్ళ ఇళ్ళల్లో బిడ్డకంటే ముందు ఉయ్యాల్లో సన్నికల్లు పొత్రం వేస్తారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పాత చీర ముక్కలో చుట్టి, బిడ్డనే పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఊపుతారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. గవరమ్మ పొత్రం తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టింది.

సరే, ఇదే చెబుతుంది, అనుకున్నాడు జోగులు. ఆగకపోతే రాయే పడుతుంది, అందరూ చూస్తారు, తను నోరు విప్పక్కర్లేదు. ఆగితే ఆగినట్టే. అలా అనుకోగానే గుండె కాస్త తేలికపడింది. పొత్రాన్ని పడుకోబెట్టి పక్కకి జరిగాడు. గవరమ్మ, కనకలక్ష్మి చెరో పక్కా నిలబడి ఊపారు. పాట ఎత్తుకున్నారు.

పొత్రం పడలేదు.

"రాయి తీసేయండి, పిల్లని తెండి," అంది కనకలక్ష్మి.

పద్మిని బిడ్డని తెచ్చి అన్నగారి చేతుల్లో పెట్టింది. "జాగ్రత్త అన్నయ్యా, మెడ" అంది. నవ్వుతూనే అంది. బిడ్డ కళ్ళు మూసుకుని ఉంది. జోగులు వంగి ఆమెను ఉయ్యాల్లో పడుకోబెట్టాడు. జాహ్నవి అని సాయి బిడ్డ చెవిలో పేరు చెప్పాడు. అందరూ అక్షింతలు వేశారు. ఉయ్యాల కదిలింది.

రాయి ఆగినంత మాత్రాన ఏమీ తేలలేదని అప్పుడు అర్థమైంది జోగులుకి. కాసేపు మోసినదల్లా గట్టిదే అయితే తను చేసే పనికి అర్థమే లేదు. ఊగుతున్న బరువు స్క్రూలను ఒక పక్కకి, మళ్ళీ ఇంకో పక్కకి లాగుతుంది. పుట్టీ మీద, కొక్కెం చుట్టూ, వెంట్రుకంత గీత కనపడింది. ఆ గీతలోంచి తెల్లని పొడి రాలి బిడ్డ కనుబొమ మీద పడింది.

"పౌడరు ఎక్కువ రాసేసేరు దీనికి," అంది గవరమ్మ. కొంగుతో తుడిచింది.

జోగులు ఉయ్యాల పక్కనే నిలబడ్డాడు. అటూ ఇటూ పళ్ళాలు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు అతన్ని తప్పుకోమన్నారు. తప్పుకోలేదు. మేనమామ మురిసిపోతున్నాడని ఎవరో అన్నారు. ఇంకొంచెం సేపు, ఇంకో పాట, తర్వాత భోజనాలు అనుకున్నాడు. పక్కింటి గురమ్మ భారీ మనిషి. ముఖం సరిగ్గా కనపడటం లేదని ఉయ్యాల అంచు మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

పైన టక్కుమంది.

స్క్రూ చానెల్‌లోంచి ఊడినప్పుడు వచ్చే చప్పుడు అది. జోగులు గురమ్మ భుజాన్ని తోసి, బిడ్డని రెండు చేతులతో పైకి తీసేశాడు. పాట ఆగిపోయింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. కొక్కెం వేలెడంత కిందికి జారి ఆగింది. ఉయ్యాల ఒక పక్కకి ఒరిగింది. ఇంకేమీ పడలేదు.

"ఏటయింది?" అంది పద్మిని. వచ్చి బిడ్డని లాక్కుంది.

"కొక్కెం... కొంచెం లూజుగా ఉంది."

అందరూ పైకి చూశారు. తెల్లటి సీలింగ్ మీద చెయ్యి పెట్టేంత పగులు.

కనకలక్ష్మి చాలాసేపు చూసింది. "ఏనుగన్నారు కదా ఒదినా," అంది నెమ్మదిగా. తర్వాత, "పనోళ్ళ మీద ఒదిలేస్తే ఇంతే. సొంత పనైనా దగ్గరుండాలి బాబూ" అంది.

గవరమ్మ ముఖం నల్లబడింది. గుమ్మం వైపు తిరిగింది. "ఏరా వీరేంద్రా, నీకూ పిల్లలున్నారు కదరా! ఈ ఇంట్లో నా చేతి కూడు తిన్నావు. పసిగుడ్డు పడుకునే చోటని తెలీదా నీకు?"

గదిలో అందరూ వీరేంద్ర కేసి తిరిగారు. అతను కొత్త చొక్కా అంచు సర్దుకున్నాడు. జోగులు వైపు ఒకసారి చూశాడు. ఎదురుచూశాడు. జోగులు బిడ్డ ఒంటి మీంచి జారిన గుడ్డని వంగి తీస్తున్నాడు. ఆ గుడ్డ తియ్యడానికి అంతసేపు పట్టదు.

"గలతీ హో గయా, అమ్మా. తప్పయిపోయింది," అన్నాడు వీరేంద్ర.

పైన భోజనాలకి కూర్చున్నారు. వీరేంద్ర చివర్న కూర్చున్నాడు. గురమ్మ పక్కనున్నామెతో, "అదృష్టం బాగుండి సరిపోయింది గానీ, అలాంటోణ్ణి పనిలో ఎలా ఉంచుకున్నాడో" అంటోంది. చిన్నగా అన్నాననుకుంది. వీరేంద్ర తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. సత్యవాణి వడ్డిస్తూ భర్త దగ్గర ఆగింది. అతని ఆకులో అన్నం అలాగే ఉంది. ఆ కొక్కెం ఎవరు బిగించారో ఆవిడకి తెలుసు. వడ్డన గిన్నె పట్టుకుని ముందుకు జరిగింది.

భోజనాలయ్యాక జోగులూ వీరేంద్రా కిందికి దిగి సీలింగ్ కోశారు. బోర్డు ముక్క ఊడి వచ్చేసరికి లోపలంతా బయటపడింది. అతుకుల చానెళ్ళు, వాటి మీద తుప్పు, సగానికి చీలిన ప్లై. రెండు స్క్రూలే మిగిలాయి. ఒకటి సగం బయటకి వచ్చి ఉంది. జోగులు దాన్ని వేళ్ళతో పట్టుకుంటే ఊడి వచ్చేసింది.

"ఎందుకలా అన్నావురా?"

"ఏం అనను భయ్యా? అమ్మ నన్ను అడిగింది." వీరేంద్ర నిచ్చెన పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. "నువ్వు చెప్తావనుకున్నాను. అన్నం తినేదాకా అనుకున్నాను."

జోగులు నిచ్చెన దిగాడు. చేతులు తుడుచుకోకుండానే మెట్లెక్కాడు. పైన కనకలక్ష్మి, గవరమ్మ, ఇంకా వెళ్ళని ఆడవాళ్ళు తాంబూలాల దగ్గర ఉన్నారు. పద్మిని గోడకానుకుని బిడ్డకి పాలిస్తోంది.

"ఆ కొక్కెం నేనే బిగించేను అత్తా," అన్నాడు. "వీరేంద్ర ఒద్దన్నాడు. శ్లాబుకి పెట్టాలన్నాడు. నేనే ఇన్లేదు."

గవరమ్మ చేతిలోని తమలపాకులు పళ్ళెంలో పెట్టేసింది.

కనకలక్ష్మి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మరి అందరిలో ఆ మనిషి మాటలు పడతన్నప్పుడు సెప్పలేదేటి బాబూ?" అని అడిగింది.

జోగులు తుప్పంటిన చేతులు చూసుకున్నాడు.

"ఉయ్యాల నువ్వే కట్టేవు. పిల్లని నువ్వే ఏసేవు," అంది పద్మిని. అతని కేసి చూడకుండానే అంది. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "అప్పుడు తెలుసా అన్నయ్యా నీకు?"

"తెలుసు."

పద్మిని కొంగు సరిచేసుకుని, బిడ్డని తీసుకుని లోపలికి వెళ్ళింది.

గవరమ్మ లేచి, మెట్లు దిగి, కిందకి వెళ్ళింది. వీరేంద్రతో ఆవిడ ఏమందో జోగులుకి తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు ముక్కు తుడుచుకుంటోంది. కొడుకు పక్కనుంచే వెళ్ళింది గాని ఆగలేదు.

మర్నాడు జోగులు డైరీ ఫార్మ్ పనికి వెళ్ళలేదు. సీలింగ్ మొత్తం విప్పేశాడు. తుప్పు పట్టిన చానెళ్ళన్నీ తీసి వెనక పల్లంలో పడేశాడు. కొత్తవి తెచ్చాడు. శ్లాబు తొలిచి బోల్టు దించాడు, రాడ్డు వేశాడు, కొక్కెం పెట్టాడు. వీరేంద్ర వచ్చి సాయం చేశాడు. ఇదివరకు వీరేంద్ర "భయ్యా, ఐసా నహీ" అని పదిసార్లు అడ్డుపడేవాడు. జోగులు కసిరేవాడు. ఇప్పుడు అడిగితేనే చెబుతున్నాడు. అడిగినప్పుడు కూడా ముందు జోగులు ముఖం చూసి చెబుతున్నాడు.

పని అయ్యాక జోగులు ఉయ్యాల మళ్ళీ కట్టాడు. చెల్లెల్ని పిలిచాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తుండగా కొక్కేన్ని రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు మడిచి, ఒళ్ళంతా దానికి వదిలేసి వేలాడాడు. కొక్కెం కదల్లేదు. గీత పడలేదు. పొడి రాలలేదు.

"చూడు పద్దూ. శ్లాబుకే ఉంది. ఈసారి పక్కా."

పద్మిని చూసింది. నలభై దాటిన అన్న, ముఖం ఎర్రబడి, పసివాడిలా వేలాడుతున్నాడు.

"దిగన్నయ్యా. చేతులు నొప్పెడతాయి," అంది.

బిడ్డని మాత్రం తేలేదు. కనకలక్ష్మి రంగత్ తిరిగి వెళుతూ ఉయ్యాలని తీసుకెళ్ళలేదు, వాడమనీ అనలేదు. అది అక్కడే వేలాడింది. పద్మిని దాన్లో ఉతికిన బట్టలు పెట్టుకునేది. జోగులు అది చూశాడు. సాయి ఫోనులో మాట్లాడేటప్పుడు వరండా ప్రస్తావన రాలేదు. ఒకసారి జోగులే ఎత్తాడు. "చూద్దాం బావా, ఇప్పుడేం తొందర లేదు" అన్నాడు సాయి, ఎంతో మర్యాదగా.

పద్మిని వెళ్ళే రోజు తెల్లవారి పరుపు చుట్టేశారు. సాయి ఆటో కోసం రోడ్డు మీదకి వెళ్ళాడు. బిడ్డని ఎత్తుకునే పద్మిని ఒక చేత్తో సంచి జిప్పు లాగుతోంది. అది పడటం లేదు. గవరమ్మా సత్యవాణీ పైన అన్నం డబ్బాలు కడుతున్నారు. గదిలో ఇంకెవరూ లేరు. పద్మిని అటూ ఇటూ చూసింది. మంచం మీద చెక్కలు తప్ప ఏమీ లేవు. చూపు ఉయ్యాల మీదకి వెళ్ళింది. అందులోని బట్టలు అప్పుడే తీసేశారు, ఖాళీగా ఉంది.

"ఒక్క నిమిషం పట్టుకో అన్నయ్యా," అని బిడ్డని అతని చేతుల్లో పెట్టింది.

జాహ్నవి నిద్రపోతోంది. జోగులు ఎడం మోచేతిలో ఆమె తల ఆనించుకుని నిలబడ్డాడు. ఉయ్యాల పక్కనే ఉంది, మోకాలికి తగులుతోంది. పడుకోబెట్టమని పద్మిని అనలేదు. పడుకోబెట్టనా అని అతనూ అడగలేదు. ఆమె జిప్పు లాగి, రెండో సంచి సర్ది, మూడోది మొదలుపెట్టింది. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా అతను చెయ్యి మార్చుకోలేదు. ఆటో హారను వినపడేదాకా అలాగే నిలబడ్డాడు.